ప్రూఫ్‌రీడరు బూట్ మెనూ దిద్దిన వైనం

ఆ రోజు ప్రూఫ్‌రీడరుకి సెలవు. సెలవు రోజున ఏమేం చెయ్యాలో ఆయన ముందురోజే చీటీ మీద రాసి పెట్టుకున్నాడు. పుస్తకాల అర సర్దడం, చొక్కాకి ఊడిన గుండీ కుట్టుకోవడం, మధ్యాహ్నం ఓ కునుకు. మూడంటే మూడు పనులు. అందులో కంప్యూటరు ఊసే లేదు. ఈ సంగతి తరవాత భార్యకి ఒకటికి నాలుగుసార్లు చెప్పుకున్నాడు గానీ, ఆవిడ చెవిన పెట్టలేదు.

ఆయన ఇరవై రెండేళ్లుగా ఒక ప్రచురణ సంస్థలో తప్పులు దిద్దుతున్నాడు. ఒకే వాక్యం రెండుసార్లు కనబడిందంటే ఆయనకి ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది. అచ్చు కాగితం మీదైతే ఎర్ర పెన్నుతో కొట్టిపారేస్తాడు. సబ్బు పెట్టె మీదో, లిఫ్టులో అంటించిన నోటీసు మీదో అయితే పాపం నిట్టూర్చి ఊరుకుంటాడు. భార్య తమ్ముడు ఆయన్ని వెనకాల ‘కామా బావ’ అంటాడు. ఎదురుగా కూడా అదే అంటాడు.

ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటరు, దానిలో సిస్టంలు రెండు. ఒకటి ఈయన ప్రూఫులకి, రెండోది భవనాల నమూనాలు గీసే భార్యకి. మీట నొక్కగానే ‘ఎవరిది తెరవమంటారు’ అన్నట్టు ఒక మెనూ వస్తుంది. కంప్యూటర్లు బాగుచేసే ఆ బావమరిదే రెండేళ్ల కిందట వచ్చి ఇలా అమర్చి వెళ్లాడు.

"మధ్యాహ్నం పన్నెండింటికల్లా గ్రంథాలయం నమూనా పంపాలి. పదకొండింటికి వచ్చేసి, ఒక్కసారి చూసుకుని పంపేస్తాను. ఏమండీ, వింటున్నారా? అందాకా దాని జోలికి వెళ్లకండి" అంది భార్య, చెప్పులేసుకుంటూ.

పదేళ్లు ఎవరెవరి సంతకాల కిందో గీతలు గీసి గీసి, మొట్టమొదటిసారి తన పేరు మీద పోటీకి దిగింది ఆవిడ. పిల్లల గ్రంథాలయం. మూడు నెలలు తిండీ నిద్రా మానుకుని గీసిందంతా ఆ కంప్యూటరులోనే ఉంది. గడువు దాటితే ఇంకో నిమిషం కూడా ఇవ్వరు.

"నాకేం పని దాంతో!" అన్నాడు ఆయన. నిజంగానే అనుకున్నాడు.

పుస్తకాల అర సర్దుతుంటే, ఒక పుస్తకం రెండు ప్రతులున్నాయేమోనని అనుమానం వచ్చింది. జాబితా కంప్యూటరులో ఉంది కదా అని మీట నొక్కాడు. మెనూ వచ్చింది. దానిలో రెండో పంక్తీ మూడో పంక్తీ అక్షరం పొల్లు పోకుండా ఒక్కటే. రెండేళ్లుగా ఆ మెనూ చూస్తూనే ఉన్నాడు, పళ్లు కొరుకుతూనే ఉన్నాడు. ఇవాళ సెలవు, ఇల్లు ప్రశాంతం. తన సిస్టం తెరిచి, డిస్కుల పట్టిక చూశాడు. ఉన్నవి రెండు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. చిన్న డిస్కు మొదట్లో పేరూ ఊరూ లేని బుల్లి ముక్క ఒకటి కనబడింది. ఎవరికీ అక్కర్లేని పంక్తి దీన్లోనే దాక్కుందని తీర్మానించి, దాన్ని చెరిపేశాడు. చేతులు దులుపుకుని కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు.

మూడో పంక్తి పోయింది. రెండోదీ పోయింది. మొదటిదీ పోయింది. ‘తెరవడానికి ఏమీ దొరకలేదు’ అన్న ఒక్క వాక్యం నల్లటి తెర మీద మిగిలింది. అది ఒక్కసారే ఉంది.

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఆ ముక్కెందుకు చెరిపావు బావా! బూట్ లోడర్ ఉండేది దాన్లోనే కదా! పొద్దున్నే మెషీన్‌ని లేపి, ఇదిగో ఈ సిస్టం ఇక్కడుంది అని చూపించేది అదే. సిస్టంలకేం కాలేదులే, వాటికి దారి చూపించేది పోయింది. ఏదైనా పెన్ డ్రైవ్ తీసుకుని, వేరే కంప్యూటరులో నేను చెప్పినట్టు తయారుచెయ్యి. తొమ్మిది మెట్లు రాసి పంపిస్తా. ఉన్నది ఉన్నట్టు చెయ్యి బావా, నీ కాళ్లు పట్టుకుంటా."

ఇంట్లో ఉన్న ఒకే పెన్ డ్రైవ్ అత్తగారిది. ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి, ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటోంది ఆవిడ. పెన్ డ్రైవులో మోకాళ్ల వ్యాయామం వీడియోలున్నాయి.

"అత్తయ్యా, ఇది ఓసారి కావాలి. ఇందులోవి చెరిగిపోతాయి" అన్నాడు, తల దించుకుని.

"పోనీలే బాబూ. మానెయ్యడానికి వంక దొరక్క ఛస్తున్నాను. అమ్మాయికి చెప్పనులే, వెళ్లు" అంది అత్తగారు. అడక్కుండానే సంగతంతా కనిపెట్టేసింది.

వేరే కంప్యూటరంటే కింది అంతస్తులో పళ్ల డాక్టరుది. ఆ డాక్టరు మూడేళ్లుగా లిఫ్టులో ఎదురుపడ్డప్పుడల్లా ఈయన మొహం వదిలేసి పళ్లవంకే చూస్తున్నాడు.

"కంప్యూటరే కదా, వాడుకోండి సార్. మీ ఫైలు దిగడానికి ముప్పావుగంట పట్టేట్టుంది. ఊరికే కూర్చోవడం ఎందుకు? ఇలా కుర్చీలోకి రండి" అన్నాడు డాక్టరు, చేతికి తొడుగులు వేసుకుంటూ. కాదనే మొహం ఎక్కడుంది? పళ్లన్నీ గీకించుకున్నాడు.

కుర్చీ దిగి బావమరిది పంపిన తొమ్మిది మెట్లూ మళ్లీ మొదటినుంచి చదివాడు. ‘ఆకుపచ్చ గీత చివరిదాకా వచ్చేవరకు ఆగు’ అని మూడో మెట్టు. ఆరో మెట్టూ అక్షరాలా అదే. "వీడికి రాయడం ఎప్పుడొస్తుందో!" అనుకుని ఆరోది కొట్టేశాడు. మూడోది ఫైలు దిగేటప్పుడు ఆగమని, ఆరోది పెన్ డ్రైవులోకి ఎక్కేటప్పుడు ఆగమని. ఈయన ఆగలేదు. సగంలో పీక్కుని పైకి పరిగెత్తాడు. కంప్యూటరు ఆ పెన్ డ్రైవుని మనిషిగా కూడా గుర్తించలేదు.

మళ్లీ కిందికి దిగాడు. "రండి రండి! ఇందాకే ఒక పుచ్చుపన్ను చూసి పెట్టుకున్నాను" అన్నాడు డాక్టరు ఆప్యాయంగా. ఈసారి దవడకి మత్తు సూది పడింది.

పదిన్నరకి ప్రూఫ్‌రీడరు తయారైన పెన్ డ్రైవుతో పైకి వచ్చాడు. పెన్ డ్రైవు పనిచేసింది, నోరు పనిచెయ్యలేదు. కింది పెదవి ఎక్కడుందో ఆయనకే తెలియదు. బావమరిదికి ఫోన్ చేసి "హలో" అందామంటే గాలి తప్ప ఏమీ రాలేదు. అత్తగారు ఫోను లాక్కుని స్పీకరు పెట్టి, కుర్చీ లాక్కుని కీబోర్డు ముందు కూర్చుంది.

"ఒరేయ్, నువ్వు చెప్పు, నేను కొడతాను. మీ బావకి నోరు లేదు."

"ఎంత మంచిరోజమ్మా ఇది!" అన్నాడు కొడుకు.

ఆస్పత్రిలో డాక్టరు చెప్పిన మందు పేరు తిరిగి అప్పజెప్పందే సూది పట్టని మనిషి ఆవిడ. కొడుకు ఒక్కో పంక్తీ చెబుతుంటే పైకి అప్పజెప్పి, ఒక్కో అక్షరమే వెతుక్కుని కొడుతోంది. డిస్కుల పట్టిక తెరమీదికి వచ్చింది. పోయిన బుల్లి ముక్క జాగాని ఆ పెన్ డ్రైవే వెతుక్కుని, అక్కడ కొత్త ముక్క తయారుచేసింది. పని నడుస్తోంది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

"అమ్మా! నా కంప్యూటరు ముందు నువ్వేం చేస్తున్నావే?" అంది భార్య. నల్లటి తెర చూసింది, తెల్లటి అక్షరాలు చూసింది, గోడకి అతుక్కుపోయిన మొగుణ్ని చూసింది. "నువ్వు పాడుచేశావా? ఏమండీ, మీరు పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నారా? నోరు పడిపోయిందా మీకు?"

"పడిపోయిందే. గంటలో వస్తుందిట. అవును, నేనే చేశాను. అరవకు, లెక్క తప్పుతుంది" అంది అత్తగారు, వెనక్కి తిరగకుండా.

ప్రూఫ్‌రీడరుకి గుండె తరుక్కుపోయింది. తన తప్పు అత్తగారు నెత్తినేసుకుంటోంది, తనేమో నోరు మెదపలేకపోతున్నాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, గుండీ కుట్టుకుందామని రాసుకున్న చీటీ వెనక రాసి భార్య చేతిలో పెట్టాడు: ‘నేనే. మెనూ దిద్దాను.’

ఆవిడ చదివింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గడియారం చూసి, పదకొండూ పదయిందని తెలిసి, పక్క కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంది. "ఒక్క పని, ఒక్కటంటే ఒక్కటి, నా పేరు మీద చేద్దామనుకున్నాను" అంది మెల్లగా.

"ఏడవకే అక్కా, అయిపోవచ్చింది" అంది ఫోను. "అమ్మా, ఇప్పుడు ఎ డిస్కులో మొదటి ముక్కని ఫార్మాట్ చెయ్యమని, అంటే తుడిచి కొత్తగా సిద్ధం చెయ్యమని కొట్టు. చిన్న డిస్కు అదే. నేనే బిగించాను, నాకు బాగా గుర్తు."

"ఎ డిస్కు, మొదటి ముక్క, ఫార్మాట్" అని అప్పజెప్పి, కొట్టి, ఎంటర్ మీదికి వేలు ఎత్తింది అత్తగారు.

ప్రూఫ్‌రీడరు చూపు అలవాటుగా పైకి పోయింది. ఆరు పంక్తుల పైన డిస్కుల పట్టిక ఉంది. ఎ పక్కన రెండు వేల జీబీ. బి పక్కన రెండు వందల యాభై. రెండు వేలది చిన్న డిస్కు ఎలా అవుతుంది? ‘ఆగండి!’ అని అరిచాడు. బయటికి వచ్చింది మాత్రం "ఆఘ్!" అని ఒక మూలుగు. ఇక లాభం లేదని కీబోర్డుని అత్తగారి వేళ్ల కిందనుంచి ఒక్క గుంజు గుంజి గుండెకి హత్తుకున్నాడు.

"మతి పోయిందా ఏమిటండీ!" అంది భార్య.

ఆయన తెర మీదే గీశాడు. ఎర్ర పెన్నుతో పట్టికలో ఎ చుట్టూ ఒక సున్నా, కింది పంక్తిలో ఎ చుట్టూ ఇంకో సున్నా, రెంటినీ కలుపుతూ గీత, అంచున పెద్ద ప్రశ్నార్థకం. పన్నెండేళ్ల కాపురంలో ఆయన దిద్దుబాటుని భార్య శ్రద్ధగా చదివింది అప్పుడే. చదివి లేచి నిలబడింది.

"ఒరేయ్! ఎ పెద్ద డిస్కురా! నా గీతలన్నీ దాన్లోనే ఉన్నాయి!"

బావమరిది నెత్తి కొట్టుకున్న చప్పుడు ఫోనులోకి వినపడింది. "పెన్ డ్రైవు మీంచి తెరిస్తే ఒక్కోసారి వరస మారిపోతుంది... మర్చిపోయాను. అమ్మా, ఎంటర్ నొక్కలేదుగా?"

"మీ బావ నొక్కనివ్వలేదు" అంది అత్తగారు. కీబోర్డు తిరిగి తీసుకుని, ఆ పంక్తిని ఒక్కో అక్షరమే చెరిపేసింది.

అక్కడినుంచి ఇంట్లో రాజ్యాంగం మారింది. బావమరిది చెప్పాలి, అత్తగారు కొట్టాలి, ప్రూఫ్‌రీడరు చదివి తలూపితేనే ఎంటర్. మధ్యలో ఒకేలాంటి పంక్తులు మూడు వరసగా వచ్చాయి. ఆయన చెయ్యి దురద పెట్టింది. ఆ చేతిమీద తనే కూర్చున్నాడు. చివరి పంక్తికి తలూపాడు. పెన్ డ్రైవు తీసి, మీట నొక్కారు.

పదకొండూ ముప్పై ఎనిమిదికి మెనూ వచ్చింది. ఆవిడ సిస్టం తెరుచుకుంది. పెద్ద డిస్కు తెరుచుకుంది. గ్రంథాలయం కిటికీలతో, మెట్లతో, పిల్లలు ముడుచుకుని కూర్చునే గూళ్లతో సహా తెర నిండా లేచి నిలబడింది. ఆవిడ ఒకసారి మొత్తం చూసుకుని, పదకొండూ యాభై రెండుకి పంపేసింది. ‘అందింది’ అని జవాబు రాగానే ముగ్గురూ ఒక్కసారి కేక పెట్టారు. ప్రూఫ్‌రీడరుది మళ్లీ మూలుగే గానీ, అందరికంటే గట్టిగా వినపడింది అదే. వంకరపోయిన ఆ పెదవిని చూసి భార్య కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వింది.

"ముంచిందీ మీరే, తేల్చిందీ మీరే. ఇంక మిమ్మల్ని ఏమనాలి నేను!" అంటూ భుజం మీద ఒకటి వేసింది.

నెల తిరక్కుండా గ్రంథాలయం ఆవిడకే వచ్చింది, ఆవిడ పేరు మీదే వచ్చింది. బావమరిది ‘కామా బావ’ అనడం మానేశాడు. చెడిపోయిన కంప్యూటర్లు బాగుచేసుకోవడానికి జనానికి తాను పంచిపెట్టే నలభై పేజీల పుస్తకం పట్టుకుని స్వయంగా వచ్చాడు. "బావా, ఇది నీ కంట పడందే ఇక బయటికి పోదు" అని చేతిలో పెట్టాడు. ఇరవై రెండేళ్లలో అంత వినయంగా ప్రూఫులు ఇచ్చినవాడు లేడు. ప్రూఫ్‌రీడరు మూడు రోజులు సెలవు పెట్టి మరీ దిద్దాడు.

అందులో నూట పద్నాలుగు తప్పులు దొరికాయి, సగానికి పైగా రెండోసారి వచ్చిన వాక్యాలే. అవన్నీ దిద్దిన పుస్తకం చూసి బాగుచేసిన మొదటి కంప్యూటరు ఇప్పటిదాకా తెరుచుకోలేదు.