గగన గంపలో మర్యాద

వెదురు పూసిన ఏడాది, శ్రావణమాసపు ముసురులో, ఒక పెద్ద అడవిలో కాకి కారయ్య ఉద్యోగం పోయింది. చేసిన నేరం గంపెడు ప్రాణాలు కాపాడటం.

ఆ అడవిలో ఏటికి ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకు గగన గంప నడిచేది. పూసి ఎండిన వెదురుతో అల్లిన పెద్ద గంప. దాన్ని ఎనిమిది కొంగలు మోసేవి. దారిలో నీళ్ళు కనబడితే చేపల కోసం దిగిపోతాయని కొంగల కళ్ళకు గంతలు కట్టారు. గంప అంచున కెప్టెను కూర్చుని రెండు పగ్గాలు పట్టుకునేవాడు. ఎడమది లాగితే కొంగలు పైకి, కుడిది లాగితే కిందికి.

కెప్టెను రాబందు గగనరాయుడు. ఒకప్పుడు మబ్బుల్ని చీల్చుకుపోయినవాడే. ఇప్పుడు రెక్కలు ఆడవు, చూపు ఆనదు, పేరు మాత్రం ఎగురుతోంది.

గంప అడుగున ఒక పొడుగాటి తీగ వేలాడేది. తీగ చివర రాయి, పొడవునా ముడులు. ముడికీ ముడికీ మధ్య ఒక ఏనుగు ఎత్తు. రాయి దేనికైనా తగిలిందంటే నేల దగ్గరపడ్డట్టు. వదులైన తీగ పైకి లాక్కుని, మిగిలిన ముడులు లెక్కపెడితే కింద ఎన్ని ఏనుగుల ఖాళీ ఉందో తెలిసిపోతుంది. ఆ తీగ పట్టుకుని ఎత్తు చెప్పడం కో-పైలట్ పని. మబ్బులో గంపకు ఉన్న కన్ను అదొక్కటే.

ఆ పనిలో ఉన్నది కారయ్య. ఒకనాడు మబ్బులో రాయి తగిలింది. "ఒరే ముసలోడా, గుట్ట! లాగు పైకి!" అని అరిచాడు. గగనరాయుడు ఉలిక్కిపడి ఎడమ పగ్గం లాగాడు. గంప ఎర్రగుట్ట తలమీది గడ్డి దువ్వుకుంటూ దాటిపోయింది.

మర్నాడే విచారణ. జరిపింది అడవి సంఘం కార్యదర్శి, నక్క జంబులింగం.

"గుట్ట సంగతి తరవాత. 'ఒరే' అన్నావా, లేదా?"

"అన్నానండీ."

"'ముసలోడా' అన్నావా?"

"అన్నాను. 'తాతగారూ' అనేసరికి గుట్ట వచ్చేస్తుంది కదండీ!"

"చూశారా! మర్యాద తెలిసి కూడా వాడలేదు. నేరం రెట్టింపు."

కాకిని పంపేశారు. అక్కడితో ఊరుకోకుండా జంబులింగం కూర్చుని గంపకు మర్యాద నియమాలు రాశాడు. కాకి స్థానంలోకి ఉడుత చారమ్మ వచ్చింది.

చారమ్మకు పట్టు గట్టిది, నోరు మెత్తనిది. ఉద్యోగం పర్మినెంటు కావాలంటే గగనరాయుడి కాలిముద్ర పడాలి. పడితే మద్దిచెట్టు క్వార్టర్సులో చుక్క కారని తొర్ర ఇస్తారు. ఇప్పుడు ఉంటున్న తొర్ర తొర్ర కాదు, జల్లెడ. నలుగురు పిల్లలు తల్లి తోక కిందే ముడుచుకుని తడుస్తున్నారు.

మొదటి ప్రయాణానికి ముందు కారయ్య వచ్చి కొమ్మమీద వాలాడు.

"వల్లె వేస్తున్నావా చారమ్మా?"

"వేస్తున్నా అన్నా. ముందు బిరుదులు. తరవాత అనుమతి. తరవాత ఒక శుభవార్త. ఆ తరవాతే విషయం. విషయంలో 'ఎక్కు', 'దిగు', 'లాగు' రాకూడదు. అవి ఆజ్ఞలు."

"కెప్టెను చెప్పింది?"

"నేను రెండుసార్లు తిరిగి చెప్పాలి."

"నువ్వు చెప్పింది?"

"ఆయన తిరిగి చెప్పనక్కర్లేదు. ఆయన స్థాయికి తగదట."

"మరి విన్నాడో లేదో నీకెలా తెలుస్తుందే?"

చారమ్మ చెవి గోక్కుంది. "దానికి ఇంకా నియమం రాయలేదు."

కారయ్య నవ్వీ నవ్వీ కొమ్మమీంచి జారి, రెక్క కొట్టుకుని మళ్ళీ ఎక్కాడు. "పిచ్చిదానా, తీగ చెప్పింది చెప్పు. ఉద్యోగమంటే అంతే."

"నీకేం అన్నా, ఒంటికాయ శొంఠికొమ్మువి. నా పిల్లలు తడుస్తున్నారు."

కాకి రెక్కలు విదిల్చుకుని ఎగిరిపోయాడు.

ఆ రోజు గంపలో సాక్షాత్తూ జంబులింగమే ఎక్కాడు. ఆ ఒడ్డున మర్యాద వారోత్సవాలు ప్రారంభించాలి. మెడలో బంతిపూల దండ ఇక్కడే వేయించుకుని వచ్చాడు. ఇంకొక ప్రయాణికుడు తాబేలు కూర్మయ్య. ఆ ఒడ్డున చెల్లెలుంది. ఏరు ఈదే వయసు దాటిపోయింది.

"భయమా తాతా?" అంది చారమ్మ.

"భయం కాదు తల్లీ, ఆచారం. మా వంశంలో గాలిలో నోరు తెరవరు. తెరిచినవాడొకడు బతకలేదు. దిగాక బోలెడు మాట్లాడుకుందాం." అని కూర్మయ్య నోరు బిగించాడు.

గంప లేచింది. ఏరు దాటకముందే మబ్బు కమ్మింది.

"ఇరవై ఏనుగుల ఎత్తు" అన్నాడు గగనరాయుడు.

"చిత్తం, ఇరవై. చిత్తం, ఇరవై."

కొంతసేపటికి ఆయనకు ఉత్సాహం పుట్టింది. "కార్యదర్శిగారికి జలపాతం చూపిద్దాం. పదికి దిగుతున్నాం." కుడి పగ్గం లాగాడు.

"చిత్తం, పది. చిత్తం, పది."

ఈ మబ్బులో జలపాతం ఎలా కనబడుతుందని చారమ్మకు తోచింది. నియమాల్లో తోచడానికి చోటు లేదు. జంబులింగం మాత్రం మెడ బయటపెట్టి, "ఆహా! ఎంత తెల్లగా ఉందండీ!" అన్నాడు.

అప్పుడు రాయి తగిలింది.

చారమ్మ తీగ లాగి చూసింది. తొమ్మిది ముడులు. మళ్ళీ లాగింది. ఎనిమిది. అది ఏరూ కాదు, మైదానమూ కాదు. నేల వాళ్ళకేసి లేచి వస్తోంది. గాలికి గంప పక్కకు కొట్టుకుపోయింది. ముందున్నది ఎర్రగుట్ట.

"గగనవిహార ధురంధరా! మేఘమండల మార్తాండా!"

ఏడు.

"పక్షికుల తిలకా! అష్టకొంగ రథసారథీ!"

ఆరు.

"చెప్పు" అన్నాడు గగనరాయుడు.

"చెప్పడానికి అనుమతి కోరుతున్నానండి."

"ఇచ్చాం."

"ముందుగా శుభవార్తండి. తమరి ముక్కు ఈరోజు నిగనిగలాడిపోతోందండి."

జంబులింగం చప్పట్లు కొట్టాడు. "ఇదీ పద్ధతి! ఆ కాకి వెధవ వచ్చి నేర్చుకోవాలి!"

నాలుగు.

"ఇక విషయమండి. ఎర్రగుట్టగారు తమ దర్శనానికి వేంచేస్తున్నారండి."

"రమ్మను."

"వచ్చేస్తున్నారండి."

"ఎవరి సిఫారసు మీద?"

"సొంతంగానే అండి."

"చెప్పాపెట్టకుండా వస్తే ఎలా? దిగాక ఆఫీసులో కలవమను."

"దిగేదాకా ఆగేటట్టు లేరండి!"

మూడు.

నక్క చెవులు నిక్కాయి. "గుట్టా? ఏ గుట్ట? రాయుడూ, లాగవయ్యా పైకి!"

గగనరాయుడు తల తిప్పలేదు. "గంప నడుస్తుండగా ప్రయాణికులు కెప్టెనుతో మాట్లాడరాదు. మీ నియమమే."

"అవునయ్యా, రాసింది నేనేనయ్యా!"

"బాగా రాశారు. అందుకే పాటిస్తున్నాం."

గంప అడుగున ఒక కన్నం ఉంది. కూర్మయ్య అందులోంచి చూశాడు. ఎర్రటి రాయి కాలికింద పరిగెడుతోంది. తల ఎత్తి చారమ్మను చూశాడు. కళ్ళు ఉబ్బిపోయాయి. నోరు మాత్రం వంశాచారం ప్రకారం బిగిసే ఉంది.

ఆ మూసిన నోరు చూసేసరికి చారమ్మకు చుక్క కారని తొర్ర గుర్తు లేకుండా పోయింది.

"ఒరే ముసలి కోడీ! లాగరా పైకి!"

పగ్గం లాగవలసిన గగనరాయుడు వెనక్కి తిరిగాడు. "కోడా? ఎవర్ని కోడి అన్నావు?"

చారమ్మ ఎగిరి ఎడమ పగ్గాన్ని పళ్ళతో పట్టుకుని వేలాడింది. కొంగలు పైకి లేచాయి. గంప ముందుభాగం గుట్టను దాటింది. వెనకభాగం దాటలేదు.

వెదురు విరిగిన చప్పుడు ఈ ఒడ్డుకు వినిపించింది. జంబులింగం తోక ముళ్ళపొదకు తగులుకుని, బంతిపూల దండతో సహా తలకిందులుగా వేలాడాడు. దించడానికి వచ్చిన ఎలుగుబంట్లతో కూడా "గారు చేర్చి పిలవండి" అన్నాడు.

మళ్ళీ విచారణ. మళ్ళీ జంబులింగమే, తోకకు కట్టుతో. ఈసారి గుట్ట సంగతి ముందే తీసుకున్నారు. ప్రమాదానికి కారణం గుట్ట అని తేల్చారు. అనుమతి లేకుండా అంత ఎత్తున నిలబడటం, బిరుదులు చెప్పకుండా ఎదురుపడటం దాని నేరాలు. ఎత్తు తగ్గించుకోమని నోటీసు ఇచ్చారు. గుట్ట జవాబివ్వలేదు. మౌనం అర్ధాంగీకారం గనక సగం ఎత్తు తగ్గడానికి ఒప్పుకున్నట్టే అని జంబులింగం రాసుకున్నాడు. కొత్త గంపను ఆ సగం ఎత్తులో నడపమని ఆజ్ఞ అయింది. గగనరాయుడికి "గిరిభంజన" అని ఇంకొక బిరుదు వచ్చింది. ఇకమీదట కో-పైలట్లు అది కూడా కలిపి చెప్పాలి.

చారమ్మను 'కోడి' మాటకు తీసేశారు.

జల్లెడ తొర్ర దగ్గరికి కారయ్య వచ్చి, రెక్క చాచి పిల్లలమీద గొడుగు పట్టాడు.

"ఆ మాట బిరుదులకంటే ముందు అనవలసింది చారమ్మా."

"అంటే అప్పుడే ఉద్యోగం పోయేది అన్నా."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ పోయింది."

నీతి: ఎత్తులో ఉన్నవారికి ఎత్తు ఎంతో చెప్పరాదు.

ఆ ప్రయాణంలో వెనక వరస కొంగలు రెండూ, తాబేలు కూర్మయ్యా చనిపోయారు.