ఝాన్సీ కారు, నరసింగరావు ప్లాను

పాత కారును బాగుచేయించడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. కారు బాగుపడిపోతుంది. ఆ తర్వాత మనిషి చేయడానికి ఏం మిగులుతుంది? అదే, బాగుచేయించే ముందు చేయాల్సిన పరిశోధన చూడండి! చేతికి గ్రీజు అంటదు, వేలు నలగదు, ఎప్పటికీ అయిపోదు. అనుమానముంటే అరసవల్లి నరసింగరావు గారి సంగతి వినండి.

నరసింగరావు గారు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరయ్యారు. పంచవర్ష ప్రణాళికలు ఆయన అభిమాన పాఠం. లక్ష్యాలు చెప్పేటప్పుడు ఆయన గొంతు ఖంగుమనేది. ఫలితాల దగ్గరికి వచ్చేసరికి ఏటా పరీక్షలు ముంచుకొచ్చేవి.

అలాంటి మనిషి ఇంటి ముందు ఒక రోజు లారీ మీంచి స్పోర్ట్స్ కారు దిగింది.

కారు ఆయనది కాదు, ఆయన భార్య ఝాన్సీది. ఆవిడ తండ్రి సూరయ్యకు నరసన్నపేటలో రైసుమిల్లు ఉండేది. వయసులో ఉండగా ఆయన ముచ్చటపడి, దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర ఆ కారు కొన్నాడు. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, పొడుగాటి ముక్కు. ధాన్యం బళ్ళ పక్కనుంచి అది దూసుకుపోతుంటే జనం పనులాపి చూసేవారు. కొడుకులకు దాని మీద ధ్యాస లేదు. ఝాన్సీయే పట్టుబట్టి, లంగా వోణీల వయసులో, తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని కళింగపట్నం సముద్రం దాకా దాన్ని నడిపింది. పెళ్ళయ్యాక మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. సూరయ్య పోయాక అన్నలు మిల్లూ భూమీ పంచుకుని, ఎవరికీ అక్కర్లేని కారును చెల్లెలికి పంపించారు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో దాన్ని పెట్టించి, ఆ సాయంత్రమే ఝాన్సీ అడిగింది. "ఏటండీ, రమేష్‌బాబు బావని పిలుద్దుమా? నరసన్నపేటలో లారీల షెడ్డు నడుపుతన్నాడు కదా. ఇంజన్ ఇప్పి సూస్తాడు."

నరసింగరావు గారు కళ్ళజోడు తీసి ఆవిడ వంక జాలిగా చూశారు.

"లారీలు బాగుచేసేవాడి చేతిలో క్లాసిక్ కారు పెడతామా? ముందు రీసెర్చ్. తర్వాత ప్లాన్. ఆ తర్వాతే పని."

ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. ఉన్నదల్లా "ఆ తర్వాత" అన్న ముక్కలోనే ఉంది.

మొదట యూట్యూబ్. ఏయే దేశాల్లోనో ఎవరెవరో చెమటలు కక్కుతూ తుప్పు గీకుతుంటే, ఆయన పడక కుర్చీలో వాలి వాళ్ళ తప్పులు ఎంచేవారు. తర్వాత వాట్సాప్. 'ఉత్తరాంధ్ర క్లాసిక్ కార్ ప్రేమికులు' అని ఒక గ్రూపు పెట్టారు. చేరినవాళ్ళలో కార్లున్నవాళ్ళు తక్కువ, అభిప్రాయాలున్నవాళ్ళు ఎక్కువ. గ్రూపు కళకళలాడింది.

కారు రంగు ఎరుపు. ఏ ఎరుపు? మామూలు మనుషులకు ఈ ప్రశ్న తట్టదు. నరసింగరావు గారు డాష్‌బోర్డు కింద ఎండ తగలని చోట గోకి, గోరంత పెచ్చు తీసి, దాని ఫొటో ఇంగ్లండులో ఉన్న ఒక పెద్దమనిషికి పంపారు. అది ఫ్యాక్టరీలో వేసిన ఎరుపు కాదేమో అన్నాడాయన. ఆ 'ఏమో' మీద ఒక వేసవి గడిచిపోయింది. విజయనగరం సభ్యులు ముదురు ఎరుపు పక్షాన, శ్రీకాకుళం సభ్యులు లేత ఎరుపు పక్షాన నిలబడ్డారు. చిన్నప్పట్నుంచీ స్నేహితులైన ఇద్దరు పలకరించుకోవడం మానేశారు. ఒక కారు కదలకుండా ఉండి ఇంతమందిని కదిలించగలదని మీరెప్పుడైనా అనుకున్నారా?

భోజనాల బల్లను చార్టులు ఆక్రమించాయి. భార్యాభర్తలు కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినేవారు. ఫేజ్ వన్ అంటే సమాచార సేకరణ. ఫేజ్ టూ, సేకరించింది సరైనదేనా అన్న పరిశీలన. ఫేజ్ త్రీ, పరిశీలించిన పద్ధతి మీద చర్చ. స్పానర్ అన్న మాట ఏ ఫేజ్‌లోనూ కనబడదు.

ఆ ఇంటి ముందు గదిలో ఝాన్సీ టైలరింగ్ షాపు ఉంది. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు మర్యాదకు అడిగేవారు, కారు ఎంతవరకు వచ్చిందని.

"కొలతల కాడే ఉన్నాది," అనేది ఝాన్సీ, టేపు మెళ్ళో వేసుకుంటూ.

ఒకసారి ఆవిడ తడిగుడ్డ తీసుకెళ్ళి బానెట్ తుడవబోయింది. నరసింగరావు గారు పరిగెత్తుకొచ్చి గుడ్డ లాక్కున్నారు.

"ఆ దుమ్ము కూడా చరిత్రే ఝాన్సీ."

"మా నాన్న దీని మీద దుమ్ము వాలనిచ్చీవోడు కాదు."

"మీ నాన్నగారికి ప్రిజర్వేషన్ గురించి తెలియదు," అన్నారు చాలా మర్యాదగా.

ఆవిడ గుడ్డ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఒక జాకెట్టుకు చేతులు తారుమారుగా కుట్టింది. అంతకుముందు అలా ఎప్పుడూ జరగలేదు.

ఆ ఏడు తుఫాను గాలికి షెడ్డు రేకు ఒకటి లేచిపోయింది. వాననీళ్ళన్నీ తిన్నగా కారులో పడ్డాయి. మీద ఏదైనా కప్పమంది ఝాన్సీ. మామూలు టార్పాలిన్ కప్పితే లోపల చెమ్మ పట్టి ఇంకా ప్రమాదమనీ, గాలి ఆడే కవర్లలో ఏది మంచిదో గ్రూపులో అడిగాననీ, జవాబులు వస్తున్నాయనీ చెప్పారు నరసింగరావు గారు. జవాబులు నిజంగానే వచ్చాయి. వానా వచ్చింది.

వాన వెలిశాక ఝాన్సీ వెళ్ళి కారు తలుపు తీసింది. సీటు నాని చిరిగిపోయింది. కాళ్ళు పెట్టే చోట అడుగు రేకును తుప్పు తినేసి, కింద నేల కనబడుతోంది. ఆవిడ చాలాసేపు ఆ కన్నంలోంచి నేలను చూస్తూ నిలబడింది. ఇంకో వానాకాలం ఇది బతకదని అర్థమైంది. మొగుడితో దెబ్బలాడాలనిపించలేదు. దెబ్బలాట మొదలైతే దానికీ ఒక ఫేజ్ పెడతాడు.

ఫోన్ తీసింది. "బావా, లారీ ఖాళీగా ఉన్నాదా?"

లారీ వచ్చిన రోజు మధ్యాహ్నం నరసింగరావు గారు ఆన్‌లైన్‌లో ప్రసంగిస్తున్నారు. విషయం, 'తొందరపాటు: పాత కార్లకు మొదటి శత్రువు'. వెనక షెడ్డులోంచి గొలుసుల చప్పుడు, మనుషుల కేకలు వినబడ్డాయి. ఆయన కూర్చున్న చోటునుంచే గొంతు పెంచారు.

"కాస్త మెల్లగా కానివ్వండి. మీటింగ్‌లో ఉన్నాను."

రమేష్‌బాబు గొలుసు వదిలేసి ఝాన్సీ వంక చూశాడు. "మీ ఆయనకి సెప్పినావా, నేదా?"

"మెల్లగా కానిమ్మన్నాడు కదా. కానియ్యి బావా."

కారు వెళ్ళిపోయింది. షెడ్డు తలుపు మూసుకుంది. ఆ తర్వాత వారాలూ నెలలూ నరసింగరావు గారి పని ఏ ఆటంకమూ లేకుండా సాగింది. చక్రాల బోల్టుల మీద ఒక వ్యాసం రాశారు, గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. షెడ్డు వైపు ఒక్కసారీ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళాలి? కారుకు ప్లానింగు కావాలేమో గానీ, ప్లానింగుకు కారుతో పనేముంది?

ఝాన్సీ మాత్రం వీలైనప్పుడల్లా నరసన్నపేట బస్సెక్కేది. "ఊరెల్లొస్తాను," అంటే, "మంచిది," అనేవారాయన తలెత్తకుండా.

రమేష్‌బాబు మొదటి రోజే చేతులెత్తేశాడు. "ఇలాటి బండి నానెప్పుడూ సేయనేదు ఝాన్సీ. ఎక్కడో పాడు సేసీగలను."

"ఇప్పుడు బాగున్నాదేటి?" అందావిడ.

అతను స్పానర్ అందుకున్నాడు. ఇంజన్ విప్పాడు.

నిజంగానే కొన్ని పాడు చేశాడు. ఏదో తప్పుగా బిగించి, మంట లేచి, కనుబొమ్మ కాల్చుకున్నాడు. విప్పినవాటిలో కొన్ని ఎక్కడివో ఇద్దరికీ అంతుబట్టలేదు. దొరకని వాటి బదులు దొరికినవి వేశారు. లైట్లు పాత జీపువి, వైర్లు ఆటోవి. షెడ్డులో ట్రాక్టర్‌కు వేయగా మిగిలిన ఎర్ర పెయింటు ఉంటే అదే కొట్టించారు. అది ముదురో లేతో ఎవరూ అడగలేదు. అడుగున రేకు ముక్క అతికించారు. సీట్లకు రెక్సిన్ ఝాన్సీయే ఇంట్లో కూర్చుని కత్తిరించింది.

"సోఫా కవర్లా?" అని అడిగారు నరసింగరావు గారు.

"కూకోడానికే," అందావిడ.

ఇంజన్ మొదటిసారి దగ్గి ఆగిపోయింది. మళ్ళీ దగ్గింది. నల్లటి పొగ కక్కి, ఒక్క ఊపున అందుకుంది. ఝాన్సీ చెప్పులు విడిచి లోపల కూర్చుంది. ఇన్నేళ్ళలో కాళ్ళు మరిచిపోయి ఉంటాయని భయపడింది. ఎడమ పాదం తనంతట తానే క్లచ్ మీదికి వెళ్ళింది. ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. కోపమొచ్చింది. ఆ కోపంతోనే గేరు వేసి, షెడ్డులోంచి రోడ్డు మీదికి వచ్చింది. రమేష్‌బాబు వెనకాల కొంత దూరం పరిగెత్తి, ఆయాసమొచ్చి నిలబడిపోయాడు.

సరిగ్గా ఆ రోజే గ్రూపు సభ్యులు అరసవల్లి వచ్చారు. 'పునరుద్ధరణ పూర్వ సందర్శన' అని కార్యక్రమానికి పేరు. నరసింగరావు గారు చార్టులన్నీ చూపించారు. అందరూ ఫొటోలు తీసుకున్నారు. ఉప్మా తిన్నారు, టీ తాగారు. లేచి వెళ్ళబోతుంటే, విజయనగరం నుంచి వచ్చిన అనిత అనే అమ్మాయి అడిగింది.

"సార్, కారు ఒకసారి చూడొచ్చా?"

మిగతా సభ్యులు ఆ అమ్మాయి వంక జాలిగా చూశారు. ఏమీ తెలియని పిల్ల, కొత్తగా చేరింది. పెద్దమనసుతో నరసింగరావు గారు అందరినీ బయటికి తీసుకొచ్చారు. గేటు దగ్గరకు వచ్చేసరికి, ఆటోల మధ్యనుంచి గుడుగుడుమంటూ ఒక ఎర్రకారు వస్తోంది.

ఆయన చెయ్యెత్తి అందరినీ ఆపారు. ఇంతకన్నా మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది?

"అదిగో చూడండి. రీసెర్చ్ లేకుండా చేస్తే ఇలాగే ఉంటుంది. ఆ ఎరుపు చూశారా, ట్రాక్టర్ ఎరుపు. ఆ లైట్లు జీపువి. ఎవరో మూర్ఖుడు ఒక చరిత్రను చంపేశాడు."

సభ్యులు విచారంగా తలలూపారు. చరిత్ర వచ్చి గేటు ముందే ఆగింది. లోపల ఝాన్సీ, చీర కొంగు నడుముకు దోపుకుని.

నరసింగరావు గారు భార్యను గుర్తుపట్టారు. కారును గుర్తుపట్టలేదు.

"ఎవరి కారు ఝాన్సీ ఇది?"

"నాదేనండి," అందావిడ.

ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగారు. తర్వాత ఇంటి వెనక్కి వెళ్ళారు. షెడ్డు తలుపు కిర్రుమన్న చప్పుడు ముందుదాకా వినబడింది. ఆయన తిరిగొచ్చేసరికి అనిత పక్క సీట్లో కూర్చుని, ఝాన్సీతో పాటు కళింగపట్నం రోడ్డు పట్టేసింది.

ఇప్పుడు చెప్పండి, ప్లానింగు గొప్పదా కాదా? పొరపాటున నరసింగరావు గారు చురుకైన మనిషై ఉంటే ఏమయ్యేది? కారు ఆ ఏడే బాగుపడేది. ముదురు ఎరుపో లేత ఎరుపో గానీ, తాళం మాత్రం ఆయన జేబులో ఉండేది. స్టీరింగు దగ్గర ఆయన, పక్కన ఒళ్ళో టిఫిన్ క్యారియర్‌తో ఆవిడ. మొగుళ్ళు పనిమంతులైన ఇళ్ళలో ఆడవాళ్ళ కార్లన్నీ అలాగే నడుస్తున్నాయి. ఆయన చార్టులు గీయబట్టే కదా, పుట్టింటి సొమ్ము ఆవిడ చేతికి దక్కింది?

ఇప్పుడు ఆదివారం పూట ఆ కారు సముద్రం వైపు వెళ్ళడం మీరూ చూడవచ్చు. నడిపేది ఝాన్సీ. పక్క సీట్లో, ఒళ్ళో క్యారియర్ పెట్టుకుని, లైట్లు ఎలా మార్చాలో చెబుతూ కూర్చున్నాయనే నరసింగరావు గారు.