కోటుకి కిటికీ

"ఆ కోటు బిగుతై, రాజుకి ఊపిరాడక స్టేజీ మీదే పడిపోతే? పోలీసులు నిన్నే కదే పట్టుకుపోయేది!"

"ఎవరూ పడిపోరమ్మా. టైలరు దగ్గర కోటు తీసుకుని సాయంత్రం హాలుకి వచ్చెయ్, చాలు," అంటూ కూతురు స్నానానికి వెళ్లింది.

పాతకాలపు రాజుల నాటకాన్ని ఈ కాలపు వేషాలతో ఆడుతున్నారు. కిరీటం బదులు కోటు, సింహాసనం బదులు తిరిగే కుర్చీ. అట్టలతో కట్టిన కోట సెట్టూ, దుస్తులూ కూతురివే. మొదటి అవకాశం. ఇది చెడితే రెండోది ఉండదని దర్శకుడు ముందే చెప్పాడు.

కూతురి ఫోను మోగింది. తల్లి ఎత్తింది. దర్శకుడే.

"అమ్మాయితో చెప్పండి, కోటకి వెనకాల కిటికీ కోయించాలి. పెద్దదే."

తల్లికి 'కోటుకి' అని వినపడింది. గిరగిరా తిరిగే కుర్చీలో కూర్చునే రాజుకి వీపున కిటికీ ఉంటే మాత్రం వింతేముంది? పిల్లను కంగారుపెట్టడం ఎందుకని, ఫోను చేత్తో పట్టుకునే టైలరు దగ్గరకు పరుగెత్తింది.

టైలరు గుడ్లు తేలేశాడు. "నలభై ఏళ్లుగా కుడుతున్నానమ్మా. కాజాలు కోశాను గానీ కిటికీలు కోయలేదు. రెక్కలుంటాయా?"

తల్లి దర్శకుడికి ఫోను చేసింది. "కిటికీకి రెక్కలుండాలా బాబూ?"

"ఉండాలి. రెండు."

"మరి ఊచలు?"

"వద్దండీ! రాజు అందులోంచే కదా దూకేది!"

తల్లి ఫోను పెట్టేసి టైలరు వైపు తిరిగింది. "తన కోటులోంచి తనే దూకుతాడట మాస్టారూ."

టైలరు గ్లాసెడు మంచినీళ్లు తాగి కత్తెర అందుకున్నాడు.

ఆమె హాలు చేరేసరికి గంట కొట్టేశారు. రాజు హడావిడిగా కోటు తొడుక్కుని వేదికెక్కాడు. ముందువైపు ముచ్చటగానే ఉంది. అటు తిరిగాడు. రెక్కలు టపటపా కొట్టుకున్నాయి, లోపల బనీను కనిపించింది.

తెర పక్కన నిలబడ్డ కూతురు తల్లి కొంగు పట్టి లాగింది. "అమ్మా... ఏంటది?"

"కిటికీయేనే. కోటుకి పెట్టించమని మీ దర్శకుడే ఫోను చేశాడు."

"కోటకే తల్లీ! గోడకి!"

ఇంతలో శత్రువులు విరుచుకుపడ్డారు. రాజు పారిపోదామని కోటగోడ దగ్గరకు పరుగెత్తాడు. గోడంతా తడిమాడు. కిటికీ లేదు. ఒక సైనికుడు కోటు రెక్కలు రెండూ దొరకబుచ్చుకున్నాడు. రాజు గింజుకుని, కోటు వాడి చేతుల్లోనే వదిలేసి, బనీనుతో జనంలోకి దూకేశాడు.

 హాల్లో అందరూ ఒక్కసారిగా లేచి చప్పట్లు కొట్టారు. "అధికారాన్ని ఎలా విడిచేశాడో చూశారా!" అని ముందు వరస పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు.

తెర పడ్డాక దర్శకుడు కోటునూ గోడనూ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

"మా పిల్లకి ఇంకో అవకాశం ఉందా బాబూ?" తల్లి అడిగింది.

దర్శకుడు కోటు మడిచి ఆమె చేతిలో పెట్టాడు.  

"ఉందండీ. ఈసారి గోడకి జేబులు మాత్రం కుట్టించకండి."