నాలుగు టవర్లకీ ఒకటే కాగు

మనిషి సుఖంగా బతకాలంటే ఏం కావాలి? సొంతిల్లు, కారు, పర్మనెంట్ రెసిడెన్సీ అంటారా? కాదండీ! ఎంచుకునే అవకాశం లేకపోవడం కావాలి!

నమ్మకం కుదరకపోతే, ఏ ఫోన్ ప్లాన్ మంచిదో, ఏ ఇన్సూరెన్స్ చవకో తేల్చుకోవడానికి ఆదివారం పూట లాప్‌టాప్ ముందు కూర్చుని బుర్ర వేడెక్కించుకునేవాళ్ళని అడగండి. చాయిస్ అనేది ఎంత జబ్బో వాళ్ళే చెబుతారు.

సిడ్నీలో, టూంగాబీ స్టేషన్‌కి కూతవేటు దూరంలో కొత్తగా లేచిన నాలుగు టవర్ల జనానికి ఆ జబ్బు లేదు. వాళ్ళందరికీ వేడినీళ్ళు ఒకే ప్లాంటు నుంచి వస్తాయి. ప్లాంటు ఒకటి, కంపెనీ ఒకటి, కాంట్రాక్టు ఒకటి. ఆ కాంట్రాక్టు మీద బిల్డర్ సంతకం పెట్టేనాటికి అక్కడ బిల్డింగే లేదు, మోకాలెత్తు గడ్డి ఉంది. ఇంకా పుట్టని పిల్లకి పెళ్ళి కుదిర్చి, విడాకులు లేవని కూడా ముందే రాసేశారన్నమాట. ఎంత ముందుచూపు!

సిద్ధాంతం మాత్రం బంగారం. ఇంటింటా గ్యాస్ తగలెయ్యకుండా, బేస్‌మెంటులో ఒక పెద్ద హీట్ పంపు పెట్టి, అక్కడ కాచిన నీళ్ళని పైపుల్లో అందరికీ పంపడం. చలిదేశాల్లో ఊళ్ళకి ఊళ్ళే ఇలా వెచ్చగా బతుకుతున్నాయి. భూగోళం వేడెక్కకుండా ఉండాలంటే ఇలాంటివి రావాలి. వద్దన్నవాణ్ణి పట్టుకుని చన్నీళ్ళలో ముంచాలి!

శేషుకుమారిగారు వద్దనలేదు. అయినా ముంచారు.

కూతురు శ్రావ్య పురిటి కోసం ఆవిడ తెనాలి నుంచి వచ్చింది. ఆస్ట్రేలియాలో ఆవిడకి ఉన్నది ఒక్కటే కోరిక. ఆపెరా హౌస్ చూడాలనీ కాదు, కంగారూని చూడాలనీ కాదు. బారసాల నాటి పొద్దున మనవరాలికి నలుగు పెట్టి, కాళ్ళు చాపుకు కూర్చుని, ఆ కాళ్ళమీద పిల్లని పడుకోబెట్టుకుని, వెచ్చటి నీళ్ళతో తన చేత్తో స్నానం చేయించాలి. శ్రావ్యకి అలాగే చేయించింది. తనకీ వాళ్ళమ్మ అలాగే చేయించింది. ఆ ఒక్క పొద్దున కోసమే సున్నిపిండి విసిరించుకుని, కస్టమ్స్ వాళ్ళు అడిగితే ఇది తినేది కాదు బాబూ అని బతిమాలుకుని మరీ తెచ్చుకుంది.

తీరా చూస్తే జూన్ నెల, అంటే అక్కడ నడి చలికాలం. వేడినీళ్ళ కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చేవి, వేడి వచ్చేది కాదు. ఏ మధ్యాహ్నమో కాస్త వెచ్చబడేది, అప్పటికి ఊరంతా స్నానాలు ముగించి ఆఫీసుల్లో ఉండేది.

ఇందులో లాభాలు మీకు కనబడటం లేదా? అల్లుడు వంశీధర్ ఒకప్పుడు షవర్ కింద నిలబడి అప్పులూ ఆశలూ అన్నీ ఆలోచించుకునేవాడు. ఇప్పుడు లోపలికి వెళ్ళడం, బయటికి దూకడం ఒకేసారి జరుగుతున్నాయి, మీటింగుకి అందరికన్నా ముందు అతనే ఉంటున్నాడు. పక్క ఫ్లాట్ సత్యనారాయణగారు నాస్తికుడు. మొదటి చెంబు నెత్తిన పడగానే ఆయన నోటివెంట దేవుళ్ళందరి పేర్లూ వస్తున్నాయని వాళ్ళావిడ మురిసిపోతోంది. ఏ ప్రవచనం చేయగలదండీ ఈ పని?

వేరే గీజర్ పెట్టించుకుంటే పోయేదిగా అంటారేమో. బిల్డింగ్ రూల్స్ ఒప్పుకోవు. పొయ్యిమీద కాచుకోవచ్చుగా? కాచిందమ్మా, తల్లికీ పిల్లకీ రోజూ గిన్నెలతో కాచి పోసింది. కానీ బారసాల నాడు పొయ్యిలన్నిటి మీదా పులిహోరా పాయసమూ ఉంటాయి. పైగా, వేడినీళ్ళకి డబ్బు కడుతూ చెంబుల లెక్కన కాచుకోవడమేమిటని ఆవిడకి మంట.

అల్లుడి చేత ఫోన్లు చేయించింది. కరెంటు, గ్యాసు వ్యవహారాలు చూసే ఆఫీసు వాళ్ళు చాలా మర్యాదగా, నీళ్ళు మా పరిధి కాదు అన్నారు. నీళ్ళ వ్యవహారాలు చూసే ఆఫీసు వాళ్ళు ఇంకా మర్యాదగా, చన్నీళ్ళయితే మావే, వేడినీళ్ళు మా పరిధి కాదు అన్నారు.

"అయితే మన కేసు వీళ్ళదే కదండీ అల్లుడుగారూ," అంది శేషుకుమారిగారు. "మనకొచ్చేవి చన్నీళ్ళేగా."

వంశీధర్ ఆ మాటే ఫోన్లో చెప్పాడు. అవతల ఆవిడ, మీరు తిప్పింది ఏ కుళాయి అని అడిగింది. వేడినీళ్ళది అన్నాడు. అయితే మాది కాదు అంది.

ఎంత సంస్కారం! మిగతా ప్రపంచంలో రెండు ఆఫీసులుంటే అధికారం నాదంటే నాదని కొట్టుకుంటాయి. ఇక్కడ తమరు ముందంటే తమరు ముందని ఇద్దరూ పక్కకి తప్పుకున్నారు.

చివరికి బారసాలకి ముందురోజు కంపెనీ మనిషి వచ్చాడు. పేరు ద్వారకానాథ్, ఊరు కరీంనగర్. ఇక్కడే యూనివర్సిటీలో చదివి, కస్టమర్ హ్యాపీనెస్ మేనేజరయ్యాడు. చేతిలో ట్యాబ్లెట్.

"ప్లాంట్ కాడ సిక్స్టీ డిగ్రీస్ ఉంది ఆంటీ. లైవ్ డేటా, మీరే చూడుండ్రి."

"మరి మా బాత్‌రూమ్‌లో నాయనా?"

"అది మా స్కోప్‌ల రాదు ఆంటీ. కాంట్రాక్ట్ ప్రకారం హీట్‌ని ప్లాంట్ అవుట్‌లెట్ కాడనే ఇస్తం. ఆడికెల్లి పైపులు బిల్డింగోళ్ళయి."

"అంటే వేడినీళ్ళు మాకు ఇచ్చేసినట్టే."

"ఇచ్చినట్టే ఆంటీ."

"అక్కడ."

"ఆడనే."

శేషుకుమారిగారు వాదన అక్కడితో వదిలేసింది. తెనాలి మనిషి వాదన ఆపేస్తే జాగ్రత్త పడాలని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు పాపం. "రేపు బారసాల, భోజనానికి రా నాయనా, పూర్ణాలు వండుతున్నాను. కాస్త పొద్దున్నే వచ్చి ఆ ప్లాంటు ఎలా ఉంటుందో కూడా చూపించు," అంది. ఏళ్ళ తరబడి సొంతవంట తింటున్నవాడు, పూర్ణాలనేసరికి కరిగిపోయాడు.

తెల్లారి బేస్‌మెంటు తలుపు తెరిచాడు. లోపల ఎంత వెచ్చగా ఉందో! శేషుకుమారిగారు చంకలోంచి పీట తీసి వేసింది. వెనకాల సున్నిపిండి గిన్నెతో శ్రావ్య, బకెట్లతో వంశీధర్.

"ఏం చేస్తున్నరాంటీ?"

"నువ్వు ఇక్కడే ఇచ్చానన్నావుగా. ఇక్కడే పుచ్చుకుంటున్నాను. ఆ కుళాయి విప్పు."

విప్పాడు. ఏం చేస్తాడు? ఆవిడ చన్నీళ్ళు కలిపి, మోచేత్తో వేడి చూసుకుని, కాళ్ళు చాపుకుని పిల్లని వేసుకుంది. మొదటి చెంబుకి పిల్ల కెవ్వుమంది. రెండో చెంబుకి ఊరుకుంది. ఆ తరవాత కళ్ళు సగం మూసి, హాయిగా ఒళ్ళు వదిలేసింది. శేషుకుమారిగారికి సంతోషంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. శ్రావ్య ఫోన్లో వీడియో తీస్తూ తనూ ఏడ్చేసింది. వంశీధర్ బాలింత స్నానానికి బకెట్లు నింపి లిఫ్టులో పైకి మోశాడు. ద్వారకానాథ్ తువ్వాలు పట్టుకుని నిలబడి, "సాంబ్రాణి మాత్రం వద్దాంటీ, అలారం మోగుతది," అని ఒక్కటే బతిమాలుకున్నాడు.

వీడియో టవర్ల గ్రూపులో పడింది. మర్నాటికి బేస్‌మెంటులో క్యూ! తువ్వాలు భుజాన వేసుకుని ముందు నిలబడ్డవారు సత్యనారాయణగారు.

ఇంకా అంటారా ఈ దేశంలో అధికారులు కదలరని? కదిలారండీ! కరెంటు ఆఫీసు, నీళ్ళ ఆఫీసు, కంపెనీ, ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఎన్నాళ్ళుగానో కుదరని రూలు వారం తిరక్కుండా కుదిరింది. ప్లాంటు తలుపుకి బోర్డు వేలాడదీశారు. కింద ముగ్గురి ముద్రలూ ఉన్నాయి. "ఇక్కడ స్నానం చేయరాదు. ఎవరైనా చేస్తే ఈ నంబరుకి ఫోన్ చేయండి."

వేడినీళ్ళు రాకపోతే ఎవరిని అడగాలో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. దొరికినచోట పోసుకుంటే ఆపడానికి మాత్రం ముగ్గురు దొరికారు.

వంశీధర్ బోర్డు చదివి అర్థం చెప్పాడు. శేషుకుమారిగారు మనవరాల్ని భుజం మార్చుకుంటూ శ్రద్ధగా వింది.

"చేయండి అల్లుడుగారూ ఫోను," అంది. "పైన ఎవ్వరూ స్నానం చెయ్యలేకపోతున్నారని చెప్పండి."