నలభై రెండుమంది పెద్దలు, ఒక్క తాళం

మన నగర కేంద్ర సమాచార కార్యాలయం ఏకప్రవేశ విధానంలోకి విజయవంతంగా అడుగుపెట్టిందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాను. ఆ అడుగు ఎవరి నెత్తిన పడిందన్నది తర్వాతి సంగతి.

ఈ కార్యాలయంలో పదకొండు సర్వర్లున్నాయి. ఒక్కొక్కదాని పొట్టలో ఇరవయ్యేసి వర్చువల్ కంప్యూటర్లు పనిచేస్తుంటాయి. కుళాయిల లెక్కలు, జననమరణాల పత్రాలు, పెద్దాసుపత్రి రోగుల వివరాలు అన్నీ వాటిలోనే. ఒక యంత్రం ఇరవై యంత్రాల పని చేయడం వింత అంటారు కొందరు. ఇరవైమంది పని ఒక్కడిచేత చేయించే కార్యాలయంలో అదేం వింత! ఆ ఒక్కణ్ణీ అందరూ ‘తాళాలాయన’ అంటారు. పదకొండు సర్వర్ల పదకొండు పాస్‌వర్డులూ ఆయనకే కంఠతా వచ్చు. అందువల్ల తొమ్మిదేళ్లుగా ఆయనకు సెలవు లేదు.

ఇప్పుడు ఆయనకు ఒక్కరోజు సెలవు కావలసివచ్చింది. వాళ్లమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. గొంతు వింటే తప్ప వచ్చింది కొడుకో పరాయివాడో ఆమెకు తెలియదు. పెద్దాసుపత్రివాళ్లు ఐదు నెలల అవతల ఒక బుధవారం, పదకొండు గంటలకు ఆపరేషన్ అని తేదీ ఇచ్చారు.

“నువ్వు లేకపోతే ఎలాగయ్యా?” అన్నారు డైరెక్టరుగారు, ఎంతో ఆప్యాయంగా.

తాళాలాయనే దారి చెప్పాడు. సర్వర్లన్నిటినీ ఒకదానితో ఒకటి ముడివేస్తే, ఒక్క పాస్‌వర్డుతో ఒకే తెరమీద అన్నీ కనిపిస్తాయి. తను లేని రోజున ఇంకెవరైనా చూసుకోవచ్చు. అది తమ చిరకాల స్వప్నమని డైరెక్టరుగారికి ఆ క్షణంలోనే గుర్తొచ్చింది.

ముడివేయడానికి నాలుగు రోజులు పట్టింది. ఎవరికి ఏ హోదా ఇవ్వాలో తేల్చడానికి నాలుగు నెలలు పట్టింది. అధికారులకు ‘చూడటానికి మాత్రమే’ అనే హోదా చాలునని తాళాలాయన అన్నాడు. “ముప్పయ్యేళ్లు సర్వీసు చేసింది ఊరికే చూస్తూ కూచోడానికా?” అని ఒక సూపరింటెండెంటుగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నిజానికి ఆయన ముప్పయ్యేళ్లూ చేసింది అదే. చివరికి ఎవరి మనసూ నొప్పించకూడదని నలభై రెండుమంది అధికారులనూ చీఫ్ అడ్మినిస్ట్రేటర్లను చేశారు. తాళాలాయన ఉత్త టెక్నీషియన్ గనక ‘చూడటానికి మాత్రమే’ ఆయనకు దక్కింది.

“సార్, లాగిన్ నడిపే కంప్యూటరు కూడా ఈ సర్వర్ల లోపలే ఉంది. ఇవి ఆగిపోతే అదీ ఆగిపోతుంది. దాన్ని విడిగా బయట పెడదాం,” అని ఆయన మొత్తుకున్నాడు.

“ఆఫీసు తాళం ఆఫీసులో ఉండాలిగానీ బయటెందుకయ్యా?” అన్నారు డైరెక్టరుగారు.

ప్రారంభోత్సవంలో వారు ఇలా సెలవిచ్చారు: “ఇన్నాళ్లూ పదకొండు తలుపులు తట్టాం. ఇకమీదట ఒక్కటే తలుపు! ఆ తలుపు ముందు మనమంతా సమానం!” సభ చప్పట్లతో మారుమోగింది.

బుధవారం వచ్చింది. పదిన్నరకు అమ్మ కళ్లలో చుక్కల మందు వేసి పడుకోబెట్టారు. అదే సమయానికి డైరెక్టరుగారు విద్యుత్ పొదుపు మీద ఉపన్యాసానికి బయల్దేరుతున్నారు. గది వదిలేముందు అన్నీ ఆపివెళ్లాలని సర్క్యులర్ రాసింది వారే. ఇంతకాలం ఆపడానికి వారికి ఒక్క ఫ్యానే ఉండేది. ఇప్పుడు తెరమీద పదకొండు పచ్చదీపాలు వెలుగుతున్నాయి. మనుషుల్లేని గదిలో ఇన్ని దీపాలా అని నొచ్చుకుని, అన్నిటినీ ఒక్కసారిగా ఎంచి ఆపేశారు. నిజంగా ఆపమంటారా అని సర్వరు మూడుసార్లు అడిగింది. వారు మూడుసార్లూ ఓపిగ్గా ఔనన్నారు.

ఆసుపత్రిలో తెరలన్నీ నల్లబడ్డాయి. అమ్మ కంట్లో పెట్టాల్సిన లెన్సు కొలతలు ఆ నలుపులో కలిసిపోయాయి. తాళాలాయన వరండాలోకి పరుగెత్తి డిప్యూటీ డైరెక్టరుగారికి ఫోన్ చేశాడు.

“సార్, సర్వర్లు ఆగిపోయాయి. లాగిన్ పనిచెయ్యదు. మీరు కింద మెషీన్ రూముకెళ్లి ఒక్కోదాని బటన్ నొక్కండి, చాలు. మా అమ్మ లోపల ఆపరేషన్‌కి పడుకునుంది సార్!”

“అయ్యో పాపం, అమ్మగారు జాగ్రత్తయ్యా. కానీ బటన్ నొక్కడం టెక్నీషియన్ పని కదా. చీఫ్ అడ్మినిస్ట్రేటర్నై ఉండి నేను నొక్కితే, తక్కిన నలభై ఒక్కమందీ నన్నేమనుకుంటారు?”

తక్కినవారికి కూడా ఫోన్లు చేశాడు. అందరిదీ అదే జవాబు. సమానత్వం అక్షరాలా అమలవుతోంది.

“అమ్మా, ఇప్పుడే వస్తా,” అని చెప్పి, రెండు బస్సులు మారి వెళ్లి, బటన్లు నొక్కి, రెండు బస్సులు మారి తిరిగొచ్చాడు. నొక్కడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అప్పటికి డాక్టరుగారు వెళ్లిపోయారు. మళ్లీ తేదీ ఎనిమిది నెలల తర్వాతే అన్నారు. ఆమె ఆ కళ్లు తుడుచుకుంటుంటే, అవి చుక్కలో ఏడుపో ఆయన అడగలేకపోయాడు.

విచారణ సంఘం వేశారు. నలభై రెండుమందిలో ఎవరిని తప్పుపట్టినా తక్కినవారితో సమానత్వం దెబ్బతింటుందని సంఘం గుర్తించింది. ఆనాడు సీట్లో లేనివాడు ఒక్కడే గనక, ప్రమాదానికి మూలం సెలవేనని తేల్చింది. తాళాలాయనకు ఇకమీదట సెలవులు రద్దు. ఆ రెండు గంటల్లో ఆదా అయిన కరెంటుకుగాను డైరెక్టరుగారికి అవార్డు ప్రకటించారు.

అవార్డు సభను టీవీలో చూపించారు.

“ఏంట్రా ఆ చప్పట్లు?” అంది అమ్మ.

“మా డైరెక్టరుగారికి సన్మానమమ్మా.”

“నాకు కనపడదుగానీ, అంతమంది కొడుతున్నారంటే ఆయనేదో మంచిపనే చేసుంటాడ్రా,” అని తనూ రెండు చేతులూ కలిపి కొట్టింది.

ఆమె అంటే కళ్లు కనపడక కొట్టింది. హాల్లో కూర్చున్న మనమంతా ఏం కనపడక కొట్టామో తేల్చడానికి ఇంకా ఏ సంఘమూ వేయలేదు.