ఇల్లు పరిగెత్తిన రోజు

ఆ శుక్రవారం పొద్దున విన్నీ మామ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెద్ద గిన్నెడు మొక్కజొన్న సూప్ కాచాలి. ఆ వాసనకు కాలేజీ పిల్లల్లో ఒకతె, ఒక్కతంటే ఒక్కతే, లోపలికి అడుగు పెడితే చెయ్యి పట్టుకుని సంఘంలో చేర్చెయ్యాలి. సాయంత్రం హెడ్డాఫీసు నుంచి తనిఖీకి మనిషి వస్తోంది. ఆవిడ వచ్చేసరికి ఇంట్లో కనీసం ముగ్గురు సభ్యులుండాలి, లేకపోతే తాళం వేసుకుని పోతుంది. ఉన్నది ఇద్దరే.

సొరోరిటీలంటే కొన్నిచోట్ల ప్రాణాలిచ్చేస్తారు. అమెరికా దక్షిణాది కాలేజీల్లో ఆడపిల్లలు ఈ అక్కచెల్లెళ్ళ సంఘాల్లో చోటు కోసం వేలమంది బారులు తీరతారట. వెర్మాంట్ కొండల్లోని టాల్బట్ మిల్స్‌లో మాత్రం ఆ గొడవే లేదు. ఇక్కడి పిల్లలకు మంచు మీద జారడమంటే పిచ్చి. జున్ను చేసే క్లబ్బుకు జనం, కొండల్లో నాచు ఏరుకునే క్లబ్బుకు కూడా జనం. సొరోరిటీ అంటే "అదెందుకూ?" అని అడుగుతారు. ఊరంతా రో హౌస్ అని పిలిచే ఆ సంఘం ఇంటి గుమ్మం మీద ఉండాల్సిన మూడు గ్రీకు అక్షరాల్లో నడిమిది పోయిన చలికాలం ఊడిపడితే వంటింటి తలుపుకు అడ్డం పెట్టుకున్నారు. మిగిలిన రెండు సున్నాలూ చూసి కళ్ళజోళ్ళ దుకాణమనుకుని వచ్చే ముసలివాళ్ళే ఆ ఇంటికి ఎక్కువ.

భర్త పోయాక ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉండే పనికి, ఒక్క చలికాలం చేసి చూద్దామని వచ్చింది విన్నీ. ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. అప్పట్లో ముప్పై మంది పిల్లలుండేవాళ్ళు, మెట్లు రోజంతా కిర్రుమంటూనే ఉండేవి. ఎవరికి జలుబు చేసింది, ఎవరికి మనసు విరిగింది, అన్నీ ఆవిడకు అడుగుల చప్పుడులోనే తెలిసిపోయేవి. ఇప్పుడు ఇల్లు మూసేస్తే ఒహాయోలో చెల్లెలు ఐడా దగ్గరికి పోవాలి. ఐడా ఇంట్లో ఇంకో దుప్పటి కావాలన్నా ముందుగా అడగాలి. ఈ సంగతి విన్నీ పిల్లలకు చెప్పలేదు గానీ, ఈ ఇల్లు పోతే ఆవిడకు ఇల్లు లేదు.

"మామ్మా! వచ్చేసింది!" ఉన్న ఇద్దరు సభ్యుల్లో ఒకతైన టెస్ కిటికీ తెర చాటునుంచి కేక పెట్టింది.

"ఎవరే?"

"హెడ్డాఫీసావిడ! సాయంత్రమని చెప్పి మూడింటికే దిగింది. మంచులో తెల్ల గౌను, మెళ్ళో ముత్యాలు, చేతిలో రేకు డబ్బా. తలుపు కొట్టదు, కదలదు. ఇంటిని ఎగాదిగా చూస్తోంది!"

సంఘానికి అధ్యక్షురాలు గ్రెచెన్. ఆరడుగుల పిల్ల, గుండె మాత్రం పిచ్చుకది. "ఊడిన అక్షరం చూసేసింది. అయిపోయాం," అని గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది.

విన్నీ కూడా తెర తొలగించి చూసింది. మనిషి మరీ చిన్నదిగా ఉంది. కానీ ఈమధ్య హెడ్డాఫీసుల్లో అందరూ చిన్నవాళ్ళే కదా. "నోరు మూసుకుని నేను చెప్పింది చెయ్యండి. ముందు ఇల్లు నిండుగా కనపడాలి," అంటూ పెరటి తలుపు తెరిచి, గరిటెతో గిన్నె మూత మీద వాయించింది. "సూప్! ఉచితం!"

ఆ కాలేజీలో అక్కచెల్లెళ్ళ అనురాగానికి ఎవరూ రారు గానీ, ఉచితమైన సూప్‌కు రెండోసారి పిలవక్కర్లేదు. గ్రంథాలయం నుంచి నలుగురైదుగురు ఆడపిల్లలు వచ్చారు. వాళ్ళ వెనక హాకీ ఆడే కుర్రాళ్ళు ఇద్దరు, తలుపంత వెడల్పు ఉన్నవాళ్ళు, లోపలికి దూరారు.

"మామ్మా, వీళ్ళలో ఒకర్ని చేర్చేసుకుంటే పోలా?" అంది టెస్.

"ఎన్నిసార్లు అడగలేదూ! సూప్ కావాలిట, సంఘం వద్దుట." విన్నీ హాకీ కుర్రాళ్ళ వైపు తిరిగింది. "మీరిద్దరూ పైకెళ్ళి అటూ ఇటూ నడవండిరా. ఇల్లంతా పిల్లలున్నట్టు చప్పుడు కావాలి. గొంతు మాత్రం వినపడిందో, గిన్నె ఖాళీ."

"ఎంతసేపు మామ్మా?"

"నేను చాలనేదాకా."

ఆడపిల్లల నడక వీళ్ళకేం తెలుసు, నేను నేర్పుతానంటూ మార్గో అనే పిల్ల సూప్ గిన్నెతో సహా వాళ్ళ వెంట పైకెళ్ళింది. తతిమ్మావాళ్ళు హాల్లో తలో కుర్చీలో కూర్చుని, చెప్పినట్టే నవ్వుతూ, చెప్పినట్టే మాట్లాడకుండా ఉన్నారు.

తలుపు తీసేసరికి ఆ అమ్మాయి ఇంకా అక్కడే నిలబడి ఉంది. జుట్టు మీద మంచు పడి ఉంది.

"రండి మేడమ్, రండి!"

"థాంక్యూ మేడమ్. మిమ్మల్ని కలవడం నా అదృష్టం." మాట పాకంలా సాగింది. ఫోనులో విన్న హెడ్డాఫీసు గొంతూ ఇలాగే సాగింది. విన్నీకి ఉన్న కాస్త అనుమానమూ పోయింది.

"అయ్యో, అదృష్టం మాది మేడమ్!"

"లేదు మేడమ్, నాది."

అలా కాసేపు మేడమ్‌లు అటూ ఇటూ తిరిగాక, ఆ అమ్మాయి కుర్చీ అంచున, వీపు ఆనకుండా కూర్చుంది. సూప్ ఇస్తే దణ్ణం పెట్టినంత మర్యాదగా వద్దంది. "లంచమనుకుంటోంది," అని గ్రెచెన్ టెస్ చెవిలో ఊదింది.

"ఈ సంఘమంటే నాకు చిన్నప్పట్నుంచీ ప్రాణమండీ. మా అమ్మ, మా అమ్మమ్మ కూడా ఇందులోవాళ్ళే," అందా అమ్మాయి.

తరతరాల పెద్దింటి మనిషన్నమాట! గ్రెచెన్‌కు చెమటలు పట్టాయి. సరిగ్గా అప్పుడే పైనుంచి దడదడమని చప్పుడై, సున్నం పెళ్ళ ఒకటి వచ్చి బల్ల మీద పడింది.

"పైన మా పిల్లలండీ," అంది టెస్. "నాట్యం నేర్చుకుంటున్నారు."

"చాలామంది ఉన్నట్టున్నారు."

"అబ్బో! లెక్కే లేదు."

అమ్మాయి వేళ్ళు ముత్యాల మీదికి పోయాయి. గొంతు కాస్త సన్నగిల్లింది. "మరి, ఈ ఏడు ఇంకా ఎవరినైనా తీసుకుంటున్నారా మేడమ్?"

ఇంతకంటే మంచి ప్రశ్న ఏ తనిఖీ అధికారి అడుగుతుంది? గ్రెచెన్ ఆరడుగులూ నిటారుగా లేచింది. "ఒక్క మంచం ఖాళీ లేదు మేడమ్! మొన్ననే బోలెడుమందిని వెనక్కి పంపాం. ఏడుస్తూ పోయారు పాపం."

"ఏడుస్తూ," అందా అమ్మాయి. తలూపింది. "అర్థమైందండీ." డబ్బా బల్ల మీద పెట్టింది. "ఇది మీ అందరికీ. మా అమ్మమ్మ చేసే వెన్న కేకు."

గుమ్మం దగ్గర విన్నీ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. ఐసుగడ్డలా ఉంది. కళ్ళు నేల మీదనుంచి లేవడం లేదు. తనిఖీకి వచ్చినావిడకు ఇంత భయమేమిటి అని విన్నీకి మనసులో కలుక్కుమంది. ఏదో అడగబోయింది కూడా. అంతలో లోపల ఇంకో పెళ్ళ ఊడిపడి గ్రెచెన్ కెవ్వుమంది. విన్నీ తిరిగి చూసేసరికి ఆ అమ్మాయి వీధి మలుపు తిరిగిపోయింది.

ఇంట్లో పండగ మొదలైంది. టెస్ గ్రెచెన్‌ను ఎత్తబోతే నడుం పట్టేసింది. ఇల్లలకగానే పండగ కాదని విన్నీ అంటూ ఉండగానే ఫోను మోగింది.

"నేనండీ, హెడ్డాఫీసు నుంచి," అంది పాకంలా సాగే గొంతు. "మీ ఊరి మంచు తీసే బండి వెనక ఇరుక్కుపోయాను. నడిచి వచ్చినా దీనికంటే ముందొస్తాను. కాస్త ఆలస్యమవుతుంది, ఏమనుకోకండి."

విన్నీ ఫోను పెట్టేసి స్టూలు మీద కూలబడింది. "వచ్చినావిడ తనిఖీ మనిషి కాదర్రా."

"మరెవరు?"

జవాబు మెట్ల మీదనుంచి దిగి వచ్చింది. ఖాళీ గిన్నెతో దిగిన మార్గో బల్ల మీది డబ్బా చూసి ఆగిపోయింది. "ఇది మా లూ ఎలెన్ డబ్బా కదూ? ఇక్కడికెలా వచ్చింది?"

"ఏ లూ ఎలెన్?"

"హాస్టల్లో నా గదిలో ఉంటుంది. ఈ టర్ములోనే అలబామా నుంచి వచ్చింది. మీ సంఘమంటే పడి చస్తుంది. నిన్నంతా కేకు మీద కేకు మాడగొట్టి, పాపం, చివరికి ఒకటి కుదిరించింది. 'ఈ ఇల్లు కూడా నన్ను వద్దంటే నాలుగింటి బస్సెక్కి ఇంటికి పోతా మార్గో, ఇంక ఈ చదువూ వద్దు' అంది. పెట్టె సర్దుకుని బస్టాండు ఆఫీసు గదిలో పెట్టించుకుంది కూడా. ఏం, వద్దన్నారా?"

హాల్లో కూర్చున్న సూప్ పిల్లలు చెంచాలు దించేశారు.

"ముందే చెప్పొద్దుటే!" అంది గ్రెచెన్ ఏడుపు గొంతుతో.

"మీరేగా నోరు తెరవొద్దన్నారు!" అంది మార్గో.

వెతకబోయిన తీగ కాలికి తగిలితే, దాన్ని పీకి వీధిలో పారేశారన్నమాట. విన్నీకి మాత్రం ఆ క్షణాన ఇల్లూ గుర్తు రాలేదు, ఐడా ఇంటి దుప్పట్లూ గుర్తు రాలేదు. ఆ చల్లటి చిన్న చెయ్యి ఒక్కటే గుర్తొచ్చింది. అది తన చేతిలో ఉండగా వదిలేసింది. గడియారం చూసింది. నాలుగవడానికి ఎంతో లేదు. ఏప్రన్ విప్పలేదు, బూట్లు తొడగలేదు, గరిటె కింద పెట్టలేదు. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే గుమ్మం దిగి మంచులో పరుగందుకుంది.

మామ్మ వెనక గ్రెచెన్, టెస్. వాళ్ళ వెనక మార్గో. హాకీ కుర్రాళ్ళు ఎందుకో తెలియకుండానే దూకారు. అందరూ పోతుంటే ఇల్లు కూలుతోందేమోనని సూప్ పిల్లలు గిన్నెలతో సహా బయటపడ్డారు. విన్నీ పరిగెత్తడం ఆ ఊరు ఎన్నడూ చూసి ఎరగదు. సెలూన్ లోమాక్స్ గడ్డం గీస్తూ గీస్తూ కిటికీలోంచి చూసి, "ఓరి దేవుడో, రో హౌస్ అంటుకుంది!" అన్నాడు. అవసరానికి మంటలార్పేదీ ఆ ఊళ్ళో అతనే. సైరన్ మోగింది. చెంపకు సగం నురగతో కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి కూడా ఫైరింజన్ ఎక్కాడు.

బస్సు అప్పుడే కదులుతోంది. "ఆపరా గస్! ఆపు!" అని విన్నీ గరిటె ఊపింది. అద్దంలో చూసుకున్న గస్‌కు గరిటె కనపడలేదు. వెనకనుంచి దూసుకొస్తున్న ఎర్ర బండి కనపడింది. ప్రాణభయంతో బ్రేకు తొక్కాడు.

"ఎక్కడ మంట?" అని గస్, "ఎక్కడ మంట?" అని లోమాక్స్, ఒకరినొకరు అడుగుతుండగా విన్నీ బస్సెక్కింది. ఆఖరి సీట్లో లూ ఎలెన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముక్కు ఎర్రగా ఉంది. విన్నీని చూసి గబగబా లేచింది.

"డబ్బా కోసం వచ్చారా మేడమ్? అయ్యో, ఉంచేసుకోండి. మీరు వద్దన్నందుకు నాకేం కోపం లేదు."

విన్నీకి ఊపిరి అందడం లేదు. "డబ్బా గిబ్బా కాదే, పిచ్చిపిల్లా! నిన్ను హెడ్డాఫీసు మనిషివనుకున్నాం. గొప్పకు పోయి అబద్ధాలాడాం. ఉన్నది ఈ ఇద్దరే."

"మరి పైన నాట్యం?"

హాకీ కుర్రాళ్ళలో ఒకడు బస్సు మెట్టు మీదనుంచి చెయ్యెత్తాడు. "అది నేనండీ."

"అంటే ఖాళీ ఉందా?"

"ఇల్లంతా ఖాళీయే తల్లీ! నచ్చిన గది తీసుకో. మంచులో నిలబడ్డావు, తలుపైనా కొట్టలేదేం?"

"మా ఊళ్ళో తలుపు కొట్టకూడదండీ. వాళ్ళే పాడుతూ తెరుస్తారు. అందాకా నిలబడాలి." లూ ఎలెన్ ముత్యాలు పట్టుకుంది. చెప్పాలా వద్దా అని ఆగి, చెప్పేసింది. "అక్కడ ఆఖరి రోజున అందరినీ స్టేడియంలో కూర్చోబెడతారు. ఎవరిని ఏ ఇల్లు తీసుకుందో చెప్పగానే పిల్లలంతా వాళ్ళ వాళ్ళ ఇంటికి పరుగో పరుగు. కొన్ని వేలమంది. నన్ను ఏ ఇల్లూ అడగలేదు. మా అమ్మ వీధిలో పూలు పట్టుకుని ఎదురుచూస్తోంది. నేనెటు పరిగెత్తను?"

గ్రెచెన్ బావురుమంది. విన్నీ గరిటె గస్ చేతికిచ్చి, ఆ పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "కిటికీలోంచి చూడు," అంది.

లూ ఎలెన్ చూసింది. మంచులో టెస్ నడుం పట్టుకుని వగరుస్తోంది. మార్గో రెండు చేతులూ ఊపుతోంది. పేరు తెలియని ఆడపిల్లలు సూప్ గిన్నెలతో నిలబడ్డారు. వాళ్ళ వెనక ఫైరింజను, దాని మీద సగం గడ్డం పెద్దమనిషి. ఇటు విన్నీ ఒక కాలికి చెప్పు లేదు, అది సెలూన్ దగ్గరే ఎక్కడో పడిపోయింది.

"అక్కడ పిల్లలు ఇంటి కోసం పరిగెత్తుతారేమో," అంది విన్నీ. "మా దగ్గర ఇల్లే పరిగెత్తుకొస్తుంది."

లూ ఎలెన్ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. మరి బస్సు కదలాలా వద్దా అని గస్ అడిగితే బస్సులో ఉన్నవాళ్ళంతా అతన్ని కసురుకున్నారు.

తిరిగి వచ్చేసరికి ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. వంటింట్లో బురద బూట్లతో ఓ యువతి పొయ్యి దగ్గర నిలబడి అడుగంటిన సూప్‌ను చెంచాతో గీకుతోంది. పక్కనే కేకులో పెద్ద ముక్క మాయమైంది. "మంట ఆర్పేశాను," అందావిడ పాకంలా సాగే గొంతుతో. "హెడ్డాఫీసు నుంచి. వీళ్ళందరూ సభ్యులేనా?"

వెనక జనం గుమ్మం నిండి, మెట్లు నిండి, వీధిదాకా ఉన్నారు. గ్రెచెన్ నోరు తెరిచింది. విన్నీ ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఒకసారి అబద్ధమాడితే ఎంత దూరం పరిగెత్తాలో ఆవిడ కాళ్ళకు తెలుసు.

"లేదమ్మా. ముగ్గురే సభ్యులు. తక్కినవాళ్ళు సూప్‌కొచ్చారు."

"ఫైరింజను?"

"వాళ్ళూ సూప్‌కే."

"నలుగురు," అంది మార్గో వెనకనుంచి. "ఇంత ఎగిరాక బయటెలా ఉంటాను, నన్నూ వేసుకోండి."

ఆవిడ అందరినీ ఒకసారి చూసింది, మామ్మ ఒంటి చెప్పును రెండుసార్లు చూసింది, ఇంకో ముక్క కేకు కోసుకుని కుర్చీ లాక్కుంది. ఆ సాయంత్రం ఆ ఇంటి మెట్లు మళ్ళీ కిర్రుమన్నాయి. విన్నీ పొయ్యి దగ్గర నిలబడి, ఏ అడుగు ఎవరిదో మళ్ళీ గుర్తుపట్టడం మొదలుపెట్టింది. కొత్త అడుగు ఒకటి తేలిగ్గా, తడబడుతూ పైకెళ్ళి, బాగా ఎండ తగిలే మూల గది దగ్గర ఆగింది.

అప్పట్నుంచి కొత్త పిల్ల ఎవరు చేరినా, ఆమె ఎక్కడుంటే అక్కడికి ఇంటిల్లిపాదీ పరిగెత్తుకెళ్ళడం రో హౌస్‌లో ఆచారమైంది. నాలుగింటి బస్సు నడిపే గస్ మాత్రం ఆ వీధి దాటేదాకా బ్రేకు మీదనుంచి కాలు తియ్యడు.