పాటల పలక మీద నా నాడి

మీరెవరూ నమ్మరు గానీ, నర్సీపట్నంలో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి నేను ఒక్క మైలు కూడా పరిగెత్తలేదు. ఈల నాది, పరుగు పిల్లలది. రిటైరయ్యాక, రెండువేల నాలుగులో, ఆ పాపం పండింది.

“సామ్యేలు గారూ, మీ గుండె నీరసించింది. రక్తాన్ని గట్టిగా తోడలేకపోతోంది” అన్నారు డాక్టరుగారు. “రోజూ నెమ్మదిగా నడవండి. నడకకి ముందూ తర్వాతా నాడి, బీపీ చూసి పుస్తకంలో రాయండి. రెండు నెలలయ్యాక చూద్దాం. అందాకా చర్చి గంట తాడు ముట్టుకోవద్దు.”

గుండె మాట ఎలా ఉన్నా, గంట మాటకి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇరవై ఏళ్లుగా మా చర్చి గంట నేనే కొడుతున్నాను. క్రిస్మస్ ఇంకా రెండున్నర నెలలే ఉంది.

నా భార్య కరుణకుమారి బీపీ మిషను కొని, సంచిలో పెట్టి, నన్ను రోడ్డెక్కించింది. వంద అడుగులకే ఆయాసం వచ్చింది. నిజం రాస్తే గంట దక్కదని భయం వేసింది. ఎదురుగా బజ్జీల సూరన్న కొట్లో బల్ల ఖాళీగా కనిపించింది. రెండో రోజు నుంచి నా నడక ఆ బల్ల దాకానే.

మరి పుస్తకంలో ఏం రాయాలి? నడిస్తే నాడి బాగా పెరగాలని డ్రిల్లు మాస్టారుకి తెలియదా! కానీ అంకెలు కల్పించడం నా వల్ల కాలేదు. ఆదివారం పాడబోయే నాలుగు పాటల నంబర్లు చర్చిలో పలకకి తగిలిస్తారు. నాకు కంఠతా ఉండే అంకెలు అవే. అన్నిట్లోకి చిన్నది నడకకి ముందు నాడి, దాని పైది తర్వాత నాడి, మిగతా రెండూ బీపీ. వారమంతా అవే, ఒకటి అటూ ఇటూగా.

“ఎంత దూరం నడిసేరేటండీ?” అనేది కరుణ.

“మాకవరపాలెం రోడ్డులో రెండు కిలోమీటర్లు.”

“మరి సెప్పులకి దుమ్మేదండీ?”

“దులుపుకున్నాను.”

“మూతికున్న శెనగపిండి దులుపుకోలేదేటి?”

ఒకరోజు పుస్తకం చూస్తూ ఏదో కూనిరాగం తీసింది. నా నాడి చూసి పాడుతోందంటే ఈ వయసులోనూ నా మీద ఎంత ప్రేమో అనుకున్నాను.

తర్వాతి ఆదివారం పలక మీద రెండే నంబర్లున్నాయి. అరవై ఎనిమిది, రెండువందల పన్నెండు. నడిచాక నాడి రెండువందల పన్నెండంటే నాకే కాస్త ఎక్కువనిపించింది. కానీ పలక మీదున్నది కాదనడానికి నేనెవరిని? బీపీకి పాత వారం అంకెలే ఉంచి, సోమవారం రాసేశాను.

రెండు నెలలయ్యాక డాక్టరుగారు పుస్తకం చూసి కళ్లజోడు తీశారు. “ఇంత నాడి ఉన్న మనిషి తన కాళ్ల మీద ఇక్కడిదాకా రాడండి!”

నన్ను వరండాలో రెండుసార్లు నడిపించి చూశారు. డెబ్భై ఉన్న నాడి డెబ్భై ఆరయింది. నూటపది ఉన్న బీపీ నూట ఆరుకి దిగింది.

“నీరసించిన గుండె ఇంతే. నడిచినా నాడి పెరగాల్సినంత పెరగదు, బీపీ కూడా అంతే. పైగా మీరు వేసుకునేవి నాడిని నెమ్మదింపజేసే మాత్రలు. ఈ అంకెలు నమ్మి మందు పెంచి ఉంటే, మీరు గంట కొట్టడం కాదు, మీకోసం కొట్టాల్సి వచ్చేది.”

నాతో వచ్చిన కరుణ అందుకుంది.

“అది నాడి కాదు డాక్టరుగారూ, పాట. పలకకి నంబర్లు తగిలించేది నేనే కదండీ! అనుమానమొచ్చి, పాస్టరుగారినడిగి రెండువందల పన్నెండో పాట ఎట్టించేను. మర్నాడే ఈయన పుస్తకంలోకొచ్చి కూసుంది!”

పదిహేనేళ్లుగా ప్రతి శనివారం సాయంత్రం ఆ పని చేసేది మా ఆవిడేనన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

బయటికొచ్చాక ఆటోలో కళ్లు తుడుచుకుంది. “గంట ఎవరైనా కొడతారండీ. నాకు మీరు కాక ఇంకొకరున్నారేటి?” అంది. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

ఆ రోజు నుంచి ఇద్దరం నడుస్తున్నాం. నా మణికట్టు ఆవిడ చేతిలో ఉంటుంది. సూరన్న కొట్టు వచ్చినప్పుడు ఇంకాస్త గట్టిగా పట్టుకుంటుంది.

క్రిస్మస్ నాడు గంట కరుణే కొట్టింది. నేను లోపల బల్ల మీద కూర్చుని పాటల పలకకేసి చూశాను. మొదటి నంబరు డెబ్భై ఎనిమిది. ముందురోజు సాయంత్రం నడిచొచ్చాక నా నాడి సరిగ్గా అంతే.

చర్చిలో అందరూ పాటల పుస్తకం తెరిచారు. నేను తల దించుకుని పాడాను.